అవధానానికి ఆటస్థలం

మన బడులలో అతి తేలికగా వేసే శిక్ష ఒకటి ఉన్నది. దానికి బెత్తం అక్కరలేదు, గోడకుర్చీ అక్కరలేదు. "నువ్వు ఇవాళ ఆటలకు వెళ్ళవద్దు, ఇక్కడే కూర్చుని ఎక్కాలు వ్రాయి" అంటే చాలు. ఎవరికీ దెబ్బ తగలదు, తల్లిదండ్రులు వచ్చి నిలదీయరు, పైపెచ్చు ఆ గంటలో నాలుగు అక్షరాలు నేర్పామన్న తృప్తి కూడా మిగులుతుంది. ఈ శిక్ష ఏ పిల్లవానికి పడుతున్నదో ఎప్పుడైనా గమనించండి. బుద్ధిగా కూర్చునేవానికి పడదు. బల్ల మీద కుదురుగా ఉండలేనివానికి, అడిగిన ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరిచేవానికి, రోజుకొక పెన్సిలు పోగొట్టుకునేవానికి పడుతుంది. కదలకుండా ఉండలేకపోవడమే ఎవని ఇబ్బందియో, వానినే పట్టి మరొక గంట కదలకుండా కూర్చోబెడుతున్నాము. దాహమన్నవాని చేతిలోని చెంబు లాక్కున్నట్టున్నది ఈ న్యాయం.

ఆటల పీరియడు మంచి పిల్లలకిచ్చే బహుమానం కాదు, చదువులో అదీ ఒక భాగం. అవధానం నిలవని పిల్లల విషయంలో అది మరింత ముఖ్యమైన భాగం. ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇది కేవలం నా అభిమానం కాదు. దీనిని గురించి పరీక్షలు పెట్టి చూసినవారున్నారు. వారు తేల్చినది ఎంత, తేల్చనిది ఎంత అన్నది కూడా నిజాయితీగా చెప్పుకుందాము.

ముందు పేరు సంగతి. వైద్యులు ఏడీహెచ్‌డీ అంటున్నారు. అవధాన లోపం, అతిచురుకుదనం కలిసిన స్థితి అని మనం చెప్పుకోవచ్చు. పేరు కొత్తదే గాని పిల్లలు కొత్తవారు కారు. 1840లలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర వైద్యుడు హైన్రిష్ హోఫ్‌మన్ పిల్లల కోసం వ్రాసిన బొమ్మల కథలలో ఫిలిప్ అనే కుర్రవాడున్నాడు. భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఊపుతూ ఊపుతూ, బల్ల మీది గుడ్డతోను గిన్నెలతోను సహా వెనక్కి పడతాడు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివికి లోటు లేకపోయినా తమను తాము నిగ్రహించుకోలేని పిల్లలను గురించి వరుసగా ఉపన్యాసాలిచ్చాడు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో 'అవధాన లోపం' అన్న మాటను పేరులోకి ఎక్కించింది. 1987లో అతిచురుకుదనం కూడా చేరి ఇప్పటి పేరు స్థిరపడింది.

ఆ గ్రంథం 2013 నాటి కూర్పు ప్రకారం ఈ లక్షణాలు పన్నెండేళ్ళ లోపే కనబడాలి, కనీసం ఆరు నెలలు నిలవాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా కనబడాలి, చదువుకో నలుగురితో మెలగడానికో నిజంగా అడ్డు రావాలి. కనుక ఒక్క తెలుగు గంటలో మాత్రమే అల్లరి చేసేవానికి ఈ పేరు పెట్టరాదు. అక్కడ లోపం పిల్లవానిదో, సంధులు చెప్పే పంతులుదో ముందు విచారించాలి! ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, 2007లో, పిల్లలలో ఇది సుమారు 5 శాతమని లెక్క తేల్చారు. అంటే నలభైమంది ఉన్న తరగతిలో సగటున ఇద్దరు.

ఆ ఇద్దరి చుట్టూ మరికొందరు ఉంటారు. లక్షణాలు కొన్ని ఉంటాయి, నిర్ణయానికి కావలసినన్ని ఉండవు. లేదా ఉన్నా ఏ వైద్యుడూ చూసి ఉండడు. పరిశోధకులు వీరిని 'ముప్పున్న పిల్లలు' అంటారు. నా దృష్టిలో బడికి అన్నిటికన్న ముఖ్యమైనవారు వీరే. పిల్లల మనోవైద్యుడు జిల్లా కేంద్రంలోనైనా దొరుకుతాడో లేదో తెలియని మన ఊళ్ళలో, ఈ పిల్లలలో చాలామందికి ఏ పేరూ ఏ చీటీ ఎన్నటికీ రాదు. మందుకు వైద్యుని చీటీ కావాలి. మైదానంలో పరుగెత్తడానికి అక్కరలేదు. నేను వ్యాయామాన్ని పట్టుకుని ఇంతగా మాట్లాడడానికి మొదటి కారణం ఇదే.

ఇంకొక మాట. అవధానం నిలవని పిల్లలందరూ అల్లరి చేయరు. కిటికీలోంచి చూస్తూ, పిలిస్తే ఉలిక్కిపడి, పుస్తకంలో ఏ పేజీ నడుస్తున్నదో తెలియక తెల్లబోయే పిల్లలుంటారు. ఆడపిల్లలలో ఈ తీరు ఎక్కువగా మన కంట పడకుండా పోతుంది. గోల చేయరు గనుక వారి మీద ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేదు గనుక పట్టించుకునేవారు లేరు. ఆటల గంటలో ఆడపిల్లలను వరండాలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పుకొమ్మనే బడులలో వీరికి జరిగే నష్టం రెండింతలు.

మన భాషలో అవధానం అన్న మాటకు ఒక భోగం ఉన్నది. అష్టావధాన సభ చూసినవారికి నేను చెప్పవలసినది లేదు. చూడని చిన్నవారి కోసం నాలుగు మాటలు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని నోటికి రాబోయే అక్షరాన్ని పసిగట్టి అది వద్దంటాడు. నాలుక చివరకు వచ్చిన మాటను మింగి, అవధాని మరొక దారి వెతుక్కోవాలి. ఈ మధ్యలో ఎవరో ఉండి ఉండి గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో లెక్క తప్పకూడదు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఇంట్లో కూరేమిటని అడుగుతారు. నవ్వుతూ జవాబు చెప్పి, వదిలిన పద్యపాదం దగ్గరికే తిరిగి రావాలి. చివరకు పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి.

ఇప్పటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు బుద్ధికి సారథ్యం వహించే శక్తులుగా ముఖ్యంగా మూడింటిని చెబుతారు. తోచిన పనిని ఆపుకోగలగడం ఒకటి. చేతిలో ఉన్న విషయాన్ని మనసులో పట్టుకుని దానితో పని చేయడం రెండవది. ఒక పని నుండి మరొక పనికి తడబడకుండా మళ్ళడం మూడవది. నిషిద్ధాక్షరిలో మొదటిది, గంటల లెక్కలో, ధారణలో రెండవది, పృచ్ఛకుని నుండి పృచ్ఛకునికి తిరగడంలో మూడవది ఉన్నవి. మహావధానికి ఏళ్ళ సాధనతో అబ్బిన విద్య ఇది. కాని రెండవ తరగతి పిల్లవాడు కూడా రోజూ ఒక చిన్న అవధానం చేస్తూనే ఉన్నాడు. ఒకవైపు పంతులమ్మ గొంతు, మరొకవైపు పక్కవాని అప్రస్తుత ప్రసంగం, కిటికీ మీద కాకి, ఇంట్లో మరచిన పలక, ఇంటర్వెల్ గంట ఎప్పుడు కొడతారో అన్న ఆరాటం. కొందరు పిల్లలకు ఈ సభ నెగ్గడం మిగిలినవారికన్న కష్టం.

ఎందుకు కష్టమన్నదానికి ఒక ఆధారం 2007లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు చూపించారు. ఏడీహెచ్‌డీ ఉన్న 223 మందిని, లేని 223 మందిని తీసుకుని వారి మెదడు చిత్రాలను పోల్చారు. ఎదిగే వయసులో మెదడు పైపొర కొంతకాలం మందమై, ఆ తరువాత తగ్గుతుంది. ఆ మందం శిఖరానికి చేరే వయసు మామూలు పిల్లలలో ఏడున్నరేళ్ళ దగ్గర ఉండగా, ఏడీహెచ్‌డీ పిల్లలలో పదిన్నరేళ్ళ దగ్గర ఉన్నది. నిగ్రహానికి, అవధానానికి ఆధారమైన నుదుటి వెనుక భాగంలో ఈ ఆలస్యం ముఖ్యంగా కనిపించింది. క్రమం అదే, కాలం ఆలస్యం. కాపు ఆలస్యమైన చెట్టు గొడ్డుచెట్టు కాదని మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక వ్యాయామం సంగతి. 2013లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పరీక్ష ప్రచురించారు. ఎనిమిది నుండి పదేళ్ళ వయసు పిల్లలు, ఏడీహెచ్‌డీ ఉన్నవారు 20 మంది, లేనివారు 20 మంది. ఒక రోజు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద ఓ మోస్తరు వేగంతో నడిపించారు. మరొక రోజు అంతసేపూ కూర్చుని చదువుకోమన్నారు. ఆ తరువాత అవధాన పరీక్ష పెట్టారు. అటువంటి పరీక్షలో వరుసగా గుర్తులు కనబడతాయి. పక్కనున్నవి ఎటు చూస్తున్నా పట్టించుకోక, నడుమనున్నది ఎటు చూస్తున్నదో చెప్పాలి. మన అప్రస్తుత ప్రసంగానికి యంత్రరూపమన్నమాట. వ్యాయామం చేసిన రోజున రెండు జట్ల పిల్లలూ తప్పులు తక్కువ చేశారు. చదివి అర్థం చేసుకోవడంలోను, లెక్కలలోను కూడా మెరుగైన ఫలితాలు వచ్చాయి. ఇరవై నిమిషాల నడక! మనం ఆటల గంటలో పిల్లవానిని నిలిపివేసి వ్రాయించే ఎక్కాలు, వాడు ఆడి వచ్చాక వ్రాస్తే ఇంకా బాగా వ్రాసేవాడేమోనని ఈ పరీక్ష చదివినవారికి అనుమానం రాక తప్పదు.

అయితే అది ఒక్కనాటి ఫలితం. రోజూ చేస్తే ఏమవుతుంది? ముప్పున్న పిల్లలతో దీనిని పరీక్షించినవారిలో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన బెట్సీ హోజా బృందం ముఖ్యమైనది. ముందు 17 మంది చిన్నపిల్లలతో, బడి నడిచే రోజులలో ఎనిమిది వారాలపాటు, రోజుకు 26 నిమిషాల వ్యాయామంతో ఒక చిన్న ప్రయత్నం చేశారు. ఆ తరువాత 2015లో పెద్ద పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. ఒకటి రెండు తరగతుల వయసు వరకు ఉన్న పిల్లలు 202 మంది. వారిలో ముప్పున్నవారు 94 మంది, తక్కినవారు మామూలు పిల్లలు. చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు బడి మొదలుకాకముందు రోజూ 31 నిమిషాలు ఒళ్ళు వేడెక్కే ఆటలు. రెండవ జట్టుకు అంతసేపూ తరగతి గదిలో కూర్చుని బొమ్మల పనులు. ఇలా 12 వారాలు. ఆటల జట్టులోని పిల్లలకు ఇంటి దగ్గర అవధాన లోపం, చిరాకు మరికొంత తగ్గాయని తల్లిదండ్రుల అంచనాలలో తేలింది.

ఇక్కడ ఆగి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే నేనూ మందుల ప్రకటన వ్రాసినవాడినవుతాను. కూర్చుని బొమ్మలు వేసుకున్న జట్టు పిల్లలు కూడా ఎంతో కొంత మెరుగుపడ్డారు. పొద్దున్నే ఒక పెద్దమనిషి ఆప్యాయంగా పలకరించి అరగంట తమతో గడపడం కూడా పిల్లలకు మందే కాబోలు. పైగా తమ పిల్లవాడు ఏ జట్టులో ఉన్నదీ తెలిసిన తల్లిదండ్రులు వేసే మార్కులలో ఆశ కొంత కలిసే అవకాశం ఉంటుంది. కనుక వ్యాయామం ఏడీహెచ్‌డీని పోగొడుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. మేలు ఉన్నది, అది ఓ మోస్తరు మేలు. వైద్యుడు మాత్రలు వ్రాసి ఉంటే, ఈ టపా చదివి వాటిని మానిపించవద్దు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలలో ఆరేళ్ళ లోపువారికి ముందుగా తల్లిదండ్రులకు శిక్షణ, ఆ పైవారికి మందుతోపాటు ప్రవర్తనకు సంబంధించిన సాయం చెప్పారు. ఆట వాటి పక్కన నిలబడేదే గాని, వాటిని పక్కకు నెట్టేది కాదు.

మామూలు పిల్లలలో ఏమైందన్నది కూడా చూడాలి. 2014లో ఇల్లినాయ్‌లోనే ఏడు నుండి తొమ్మిదేళ్ళ పిల్లలు 221 మందితో చేసిన పరీక్ష ఒకటి వెలువడింది. బడి విడిచాక తొమ్మిది నెలలపాటు ఆటలాడించిన పిల్లలు, తమ వంతు కోసం వేచి ఉన్న పిల్లలకన్న, నిగ్రహంలోను ఒక పని నుండి మరొక దానికి మళ్ళడంలోను ఎక్కువ పెంపు చూపించారు. అంటే అవధానం నిలవని ఇద్దరి కోసం మైదానం తలుపు తీస్తే, మిగిలిన ముప్పై ఎనిమిదిమందికి నష్టం లేదు సరికదా, లాభమే.

లోపల జరిగేదేమిటి? ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు మెదడులో డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు అందుబాటులో ఉండే తీరును పెంచుతాయి. వ్యాయామం కూడా ఈ రసాయనాలను కదిలిస్తుందని, నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడే పదార్థాలను పెంచుతుందని ఎక్కువగా జంతువుల మీద చేసిన పరిశోధనలలో కనిపించింది. పిల్లలలో మేలుకు కారణం ఇదేనని తేల్చి చెప్పడానికి ఇంకా కాలం పడుతుంది. ఒళ్ళు వేడెక్కితే బుద్ధి మేల్కొంటుందన్నంతవరకు మనం నమ్మి నడుచుకోవచ్చు.

ఏ వ్యాయామమన్నదాని మీద పండితులలో వాదమున్నది. వాదం లేని చోట పాండిత్యమేమిటి! కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆడెల్ డైమండ్, ఆమె సహచరి 2016లో ఒక సమీక్ష వ్రాశారు. ఆలోచనతో పని లేని ఉత్త పరుగు, ఉత్త బరువులెత్తడం ఈ సారథ్య శక్తులను పెంచుతాయనడానికి ఆధారం చాలదన్నారు. ఇల్లినాయ్ పరీక్షలు చేసిన చార్లెస్ హిల్‌మన్, ఆయన సహచరులు 2019లో దానికి జవాబిచ్చి, మామూలు వ్యాయామాన్ని అలా తీసివేయరాదన్నారు. ఈ వాదంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. బడి పంతులుగా ఒక్క మాట అనగలను. మన పాత ఆటలలో పరుగు, ఆలోచన విడివిడిగా లేవు.

ఖోఖో చూడండి. వెనకనున్నవాడు 'ఖో' అనేవరకు లేవరాదు. ఒకవైపు తిరిగి పరుగు మొదలుపెట్టాక దిక్కు మార్చరాదు. ఒళ్ళంతా ఉరకమంటుంటే నియమం ఆగమంటుంది. ఇంతకన్న నిగ్రహ పాఠమేమున్నది? చెడుగుడులో కూత ఆపకూడదు, గీత ఎంత దూరమున్నదో మరువకూడదు, తనవారిలో ఎవరు ముందు అవుటయ్యారో వారే ముందు తిరిగి వస్తారు గనుక ఆ వరుస గుర్తుండాలి. నాలుగు స్తంభాలాటలో నలుగురి చూపులనూ కనిపెట్టి ఖాళీ అయిన స్తంభానికి దూకాలి. ఇవి ఏడీహెచ్‌డీకి చికిత్స అని నేనడం లేదు. పరుగుతోపాటు నియమం, వేచి ఉండడం, గుర్తుంచుకోవడం కలిసిన వ్యాయామం కావాలంటే మనం ఎక్కడికో పోయి కొనుక్కు రానక్కరలేదంటున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా పల్లెటూరి ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పినవాడిని. ఛందస్సు పాఠం వచ్చినప్పుడు తరగతిని ఆవరణలోకి తీసుకుపోయేవాడిని. లఘువుకు ఒక అడుగు, గురువుకు రెండడుగుల కాలం నిలకడ. పిల్లలు వరుసగా నిలబడి గణాలను నడిచేవారు. సూర్యగణం నడిచినవాడు ఇంద్రగణం దగ్గర తడబడితే పక్కవాడు పట్టుకునేవాడు. ఆటవెలది అన్న పేరులోనే ఆట ఉన్నది గదా అని నవ్వుకునేవాళ్ళం. బల్ల మీద కూర్చుని పది నిమిషాలు నిలవలేని ఒక ఏడవ తరగతి కుర్రవాడు, ఈ నడకలో యతిస్థానం వచ్చినప్పుడల్లా అందరికన్న ముందు చప్పట్లు కొట్టేవాడు. ఒక్క కుర్రవాడు ఋజువు కాడు. కాని వానికి అవధానం లేదన్న మాట ఆ తరువాత నా నోట ఎన్నడూ రాలేదు. వాని అవధానం కాళ్ళలోంచి వస్తున్నదని మాత్రం అనిపించింది.

ఈ అనిపించడానికి కొంత ఆధారం కూడా తరువాత చదివాను. 2015లో అమెరికాలో 8 నుండి 12 ఏళ్ళ మగపిల్లలను మనసులో పట్టుకుని పనిచేసే పరీక్షలకు కూర్చోబెట్టి, వారి కదలికలను వీడియోలలో లెక్కపెట్టారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు ఎక్కువ కదిలినప్పుడు పరీక్ష మెరుగ్గా చేశారు. మామూలు పిల్లలలో అలా జరగలేదు. కాళ్ళు ఊపడం అవిధేయత కాదు, కొందరికి అది ఆలోచించడానికి ఊతకర్ర. ఊతకర్ర లాగేసి నడవమనడం ఏ బోధనా పద్ధతి?

ఏకాగ్రత అనగానే మనం అర్జునుని ఉదాహరణ చెబుతాము. చెట్టు మీది పక్షి కన్ను తప్ప మరేమీ కనబడడం లేదన్నాడని పిల్లలను సిగ్గుపరుస్తాము. ఆ పరీక్ష ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పము. ద్రోణుడు రాకుమారులను గదిలో బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి అడగలేదు. ఆరుబయట, విల్లు ఎక్కుపెట్టి నిలబడిన పిల్లలను అడిగాడు. చేయి, కన్ను, ఊపిరి, గురి అన్నీ ఒక్క పనిలో నిమగ్నమైనప్పుడు పుట్టిన ఏకాగ్రత అది. ఆ కథను చెప్పి పిల్లవానిని బల్లకు కట్టివేయడం కథకు అన్యాయం, పిల్లవానికీ అన్యాయం.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు.

మార్కులు తగ్గుతాయంటారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలవారు 2010లో బడిలోని వ్యాయామానికి, చదువుకు ఉన్న సంబంధాన్ని గురించిన 50 అధ్యయనాలను సమీక్షించారు. పరిశీలించిన సంబంధాలలో సగం అనుకూలం, రమారమి మిగిలిన సగం తేడా ఏమీ లేదన్నవి, ప్రతికూలమైనవి 1.5 శాతం. ఆటకిచ్చిన గంట చదువును తినివేస్తుందన్న భయానికి ఆధారం అంత పలచన.

మైదానమేదీ అంటారు. నిజమే. అపార్టుమెంటు అంతస్తులలో బడులు నడుస్తున్నాయి. 2010 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడికి ఉండవలసిన వాటి జాబితాలో ఆటస్థలాన్ని స్పష్టంగా చేర్చింది. అది అడగవలసిన హక్కు, అడుగుదాము. అది వచ్చేదాకా ఊరకుండనక్కరలేదు. 2009లో ఏడు నుండి పన్నెండేళ్ళ వయసున్న ఏడీహెచ్‌డీ పిల్లలు 17 మందిని 20 నిమిషాలు పార్కులో నడిపిస్తే, ఊరి వీధులలో నడిపించిననాటికన్న తరువాతి పరీక్షలో ఏకాగ్రత మెరుగ్గా ఉన్నదని తేలింది. చిన్న పరీక్షే. కాని చెట్లున్న ఆవరణలో ఇరవై నిమిషాలు నడిపించడానికి ఏ బడికి ఏం ఖర్చు?

శిక్షలన్నీ తీసివేస్తే క్రమశిక్షణ ఎట్లా అంటారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. దానితో కొందరు ఉపాధ్యాయుల చేతిలో మిగిలిన ఆయుధం ఆటల గంటే అయింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2013లోనే, ఆట విరామాన్ని శిక్షగా గాని, చదువు సాకుతో గాని తీసివేయరాదని విధాన పత్రం ప్రకటించింది. దీనికి తిరగబడిన తప్పు మరొకటున్నది: మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తించడం, గుంజీలు తీయించడం. వ్యాయామాన్ని శిక్షగా రుచి చూసిన పిల్లవాడు పెద్దయ్యాక దాని ముఖం చూస్తాడా?

కనుక తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా మనవి ఇది. కుదురు లేని పిల్లవానికి ఆటల గంట ఎప్పుడూ తీసివేయవద్దు. వీలైతే వానికి మరొక పది నిమిషాలు కలపండి. కష్టమైన పాఠం ఆటల గంట తరువాత పెట్టి చూడండి. నోటుపుస్తకాలు తేవడం, నల్లబల్ల తుడవడం, గంట కొట్టడం వంటి పనులు వానికే అప్పజెప్పండి. అవి దండన కాకుండా గౌరవంగా ఇవ్వండి. కిటికీ పక్కనున్న మౌనపు పిల్లను చేయిపట్టి మైదానంలోకి దింపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో అయిదు నుండి పదిహేడేళ్ళవారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన వ్యాయామం చెప్పింది. అందులో సగమైనా బడిలోనే జరిగే ఏర్పాటు చేయమని ప్రధానోపాధ్యాయులను అడగండి. పిల్లవాని కష్టం ఇంట్లోను బడిలోను తీవ్రంగా ఉంటే వైద్యునికి చూపించడానికి సిగ్గుపడవద్దు. అయితే వైద్యుని దగ్గరికి వెళ్ళేదాకా ఆటను ఆపవద్దు.

"మీ వాడు ఒక్క చోట కూర్చోడండీ" అని ఇకమీదట ఏ తల్లితోనైనా ఫిర్యాదు చేయబోయే ముందు, ఈ వారం వాడు ఎన్ని గంటలు ఆడాడో హాజరు పట్టీ పక్కన ఒక గడి గీసి వ్రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఫిర్యాదు వాని మీద కాదు.

మిత్రులలో ఉపాధ్యాయులున్నారు, వైద్యులున్నారు, ఇటువంటి పిల్లలను పెంచుతున్న తల్లిదండ్రులున్నారు. మీ మీ ఊళ్ళలో జరుగుతున్నది, మీకు తెలిసినది చెప్పండి. నా మాటలో తేడా ఉంటే దిద్దండి. స్వస్తి.